చేతి గంప అల్లడం ఎలా: బొంగు ఎంచుకోవడం నుంచి అంగడిలో బేరం దాకా

గంప అల్లడం నేర్చుకుందామని మా ఇంటికి వచ్చేవాళ్లు కూర్చోగానే పేళ్ల కట్ట వైపు, అంటే వెదురు బొంగును చీల్చి తీసిన సన్నటి పట్టీల వైపు, చేయి చాస్తారు. ఏ పేడు పైనుంచి పోవాలి, ఏది కిందనుంచి పోవాలి, అంతే వాళ్లకు కావాల్సింది. అది ఒక పూటలో వచ్చేస్తుంది. రానిది కత్తి పని. బొంగును సమానంగా చీల్చి, పేడును పోస్టుకార్డు మందానికి తేవడం వచ్చిన రోజు మీకు గంప వచ్చినట్టే. అప్పటిదాకా ఎంత ఓపికగా అల్లినా వంకర పోదు. అందుకే ఇక్కడ అల్లిక గురించి తక్కువ, చీల్చడం గురించి ఎక్కువ చెప్తున్నా.

మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో, అచ్చంపేట దాటాక నల్లమల అంచున ఉన్న ఊరు. మేదరోళ్ల ఇల్లు. నాయిన బొంగు తెచ్చి చీల్చేవాడు, అమ్మ అల్లేది, అంగడికి తీసుకుపోయి అమ్మేది కూడా అమ్మే. ఈ పని మా ఒక్కళ్లదే కాదు. ఎరుకలోళ్లు వెదురు దబ్బలతో, ఈత బరిగెలతో తట్టలు, గంపలు అల్లుతారు. అడవిలో చెంచులు తమకు కావాల్సిన బుట్టలు తామే అల్లుకుంటారు. ఒక్కొక్కరి చేతివాటం వేరు. నేను చెప్పేది మా ఇంటి పద్ధతి.

పట్నం నుంచి ఫోన్ చేసేవాళ్లు "కేన్ బుట్టలు ఉన్నాయా" అని అడుగుతారు. కేన్ అంటే పేము. అది వానలు దండిగా పడే తడి అడవుల్లో చెట్లకు పాకే తీగ, మన పాలమూరు ఎండలకు బతకదు. మన దగ్గర ఉన్నది వెదురు. పేముతో, గడ్డితో చేసే బుట్టల్లో ఒక రకం ఉంది. నడిమి నుంచి పాము చుట్టలా చుట్టుకుంటూ, ప్రతి చుట్టునూ కింది చుట్టుకు కలిపి కుట్టుకుంటూ పోతారు. మన గంప అలా కాదు. నిలువుగా నిలబడే బద్దల మధ్య నుంచి అడ్డంగా పేళ్లు తిరుగుతాయి. అయితే ఆ చుట్టి కుట్టే పని మన గంపలోనూ ఒకచోట ఉంది, అంచు దగ్గర. అక్కడికి వచ్చినప్పుడు చూద్దాం.

ముందు కొలత

మొదటి గంపకు టేపు అక్కర్లేదు, చేయి చాలు. గంప అడుగు భాగం జానెడు, ఎత్తు జానెడు, మూతి జానెడున్నర. కూరగాయలకో, పూలకో సరిపోయే గంప ఇది. నిలువు బద్ద ఒక్కటే గంప అడుగు మీదుగా పోయి రెండు పక్కలా పైకి లేస్తుంది కాబట్టి దాని పొడవు లెక్కేయండి: అడుగుకు ఒక జానెడు, అటు ఎత్తు ఒకటి, ఇటు ఎత్తు ఒకటి, అంచు దగ్గర మడవడానికి రెండు పక్కలా అర జానెడు. మొత్తం నాలుగు జానలు, అంటే రెండు మూరలు, 36 అంగుళాలు. ఇలాంటి బద్దలు 12 కావాలి. అడ్డం పేళ్లు ఎంత పొడవుంటే అంత మంచిది. ఆరడుగులవి పాతిక, ముప్పై తీసి పెట్టుకోండి.

రెండు అంగుళాల లావు, 20 అడుగుల పొడవున్న బొంగు ఒకటి ఈ గంపకు చాలు. చేయి తిరిగాక అదే బొంగులో ఇంకో చిన్న బుట్టకు కూడా మిగులుతుంది. మొదటిసారి మాత్రం రెండు బొంగులు తెచ్చుకోండి. ఒకటి నేర్చుకోవడానికే పోతుంది.

బొంగు ఎలా చూడాలి

బొంగు వయసు దాని ఒంటి మీదే ఉంటుంది. కణుపుల దగ్గర ఇంకా పొర అంటుకుని, తెల్లటి బూడిద పూసినట్టుంటే అది ఈ ఏడాది పిల్ల. కత్తికి మెత్తగా తెగుతుంది కానీ ఆరాక ముడుచుకుపోతుంది, గంప వదులవుతుంది. ఒంటి మీద మచ్చలు, బూజు పట్టి, పసుపు తిరిగినది ముసలిది. వంచితే పుటుక్కున విరుగుతుంది. ఈ రెంటికీ మధ్యది, ముదురాకుపచ్చ రంగుది, రెండు మూడేళ్లది కావాలి. కత్తి వెనక వైపుతో కొట్టి చూడండి, ఖంగుమనాలి. ఆ తర్వాత కణుపుల మధ్య దూరం చూడండి. కణుపులు దగ్గర దగ్గరగా ఉన్న బొంగు తడకలకో పందిరికో పనికొస్తుంది, పేళ్లకు పనికిరాదు. ప్రతి కణుపూ మీ కత్తికి ఒక పరీక్ష.

నల్లమలలో ఎక్కువగా ఉండేది సన్నగా, గట్టిగా, మొదట్లో దాదాపు నిండుగా ఉండే రకం. కర్రకు, కావడికి అది బంగారం. గంపకు మాత్రం దాంట్లో లోపలి బోలు బాగా ఉన్న బొంగులు ఏరుకోవాలి. ముళ్ల వెదురు లావుగా, గుల్లగా ఉంటుంది. చీల్చడం తేలిక, దగ్గరికి వెళ్లడమే కష్టం.

అడవి పక్కనే ఉంది కదా అని కత్తి పట్టుకుని లోపలికి పోకండి. అమ్రాబాద్ వైపు అడవి పెద్దపులుల రిజర్వు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది నిజమే, కానీ ఆ హక్కు ఆ అడవి మీద తరతరాలుగా బతుకుతున్నవాళ్లది, దారిన పోయేవాళ్లది కాదు. 2017లో కేంద్రం అటవీ చట్టంలో 'చెట్టు' అనే మాట కింద నుంచి వెదురును తీసేసింది. అడవి బయట, పొలం గట్ల మీద వెదురు పెంచుకునేవాళ్ల కోసం చేసిన మార్పు అది. పొలంలో పెంచిన రైతు దగ్గర కొనండి, లేదా పట్నంలో బొంగులు, కర్రలు అమ్మే దుకాణంలో కొనండి. ఎక్కడ కొన్నా రసీదు తీసుకోండి. ట్రాలీ ఆటోలో బొంగులు వేసుకుని వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర అడిగేది మొదట అదే. ఎక్కువ సరుకైతే బయల్దేరే ముందే అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో ఒక మాట అడిగి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

పొలంలో మీరే కొట్టుకుంటుంటే రెండు జాగ్రత్తలు. నేల మీది మొదటి కణుపుకు సరిగ్గా పైన నరకండి. కణుపుకు పైన గొట్టం మిగిలితే వాన నీళ్లు నిలిచి మొదలు కుళ్లుతుంది. పొద అంచున ఉన్న పిల్ల బొంగులను ముట్టుకోకండి, వచ్చే ఏళ్ల సరుకు అదే.

ఏ నెలలో కొట్టాలి: నేను చేసిన తప్పు

పున్నమికి కొట్టిన బొంగు పుచ్చుతుంది, అమావాస్య ముందర కొట్టాలి అనేవాడు మా తాత. చంద్రుడి సంగతేమో గానీ నెల సంగతి మాత్రం ఒళ్లు మండి నేర్చుకున్నా. ఒకసారి హైదరాబాద్ నుంచి ఒక పెళ్లివాళ్లు 60 చిన్న బుట్టలు కావాలన్నారు, వచ్చినవాళ్లకు స్వీట్లు పెట్టి ఇవ్వడానికి. శ్రావణ మాసం. ఇంట్లో పాత సరుకు లేదు. ఆశ కొద్దీ అప్పుడే కొట్టిన బొంగు తెచ్చి, నీళ్లలో నానబెట్టకుండా చీల్చి అల్లి పంపించా. బుట్టలు చూడముచ్చటగా ఉన్నాయి. మూడు వారాలకు ఫోన్ వచ్చింది: "బాబూ, నీ బుట్టల్లోంచి పిండి రాలుతోంది." మైసూర్‌పాక్ మీద సన్నటి పసుపు పొడి. పురుగు. సగం డబ్బులు తిరిగిచ్చా, ఆ ఇంటి నుంచి మళ్లీ ఆర్డర్ రాలేదు.

పురుగుకు కావాల్సింది బొంగులోని పిండి పదార్థం. వానల్లో పొద పిలకలు వేసి పెరుగుతుంటుంది, ఆ కాలపు బొంగు తొందరగా పుచ్చుతుంది. వానలు వెనకబడ్డాక, కార్తీకం నుంచి మాఘం దాకా కొట్టిన బొంగు నిలుస్తుంది. అప్పుడు కూడా ముక్కలు కోసి పది పదిహేను రోజులు కుంటలోనో పారే కాలువలోనో ముంచి, పైన రాళ్లు పెట్టి ఉంచండి. నీళ్లు లోపలి తీపిని లాగేస్తాయి. నిలవ నీళ్లయితే వాసన వస్తుంది, భయపడొద్దు, ఎండకు పోతుంది. నీళ్లలోంచి తీశాక ఆరిపోకముందే చీల్చాలి. ఎండిన బొంగును చీల్చబోతే అది మీ మాట వినదు.

సామాను

రెండు కత్తులు. ఒకటి బరువైనది, కొస కొంచెం వంగినది, నరకడానికి, మొదటి చీలికకు. రెండోది సన్నది, జానెడు అలుగుది, పేళ్లు తీయడానికి. ఈ రెండో కత్తిని ఊరి కమ్మరి దగ్గర చేయించుకుంటేనే మేలు. బజారులో దొరికే తళతళలాడే కత్తులకు పదును నిలవదు. ఒక సానరాయి, ఒక ఆరె (చెప్పులు కుట్టేవాళ్లు వాడేలాంటిది), పాత చెంబెడు నీళ్లు, ఒక గోనె పట్టా. ఇంకా పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు: ఒకటి ఎడమచేతి చూపుడువేలికి తొడుక్కోవడానికి, ఇంకోటి తొడ మీద పరుచుకోవడానికి. వెదురు పేడు అంచు బ్లేడు కంటే ఘోరంగా కోస్తుంది. లోపల పేడు ముక్క ఇరుక్కుంటే వెంటనే తీయించుకోండి, టీటీ ఇంజెక్షన్ వేయించుకోండి. "మాకేం కాదులే" అని మా ఇంట్లో ఎవరూ అనరు.

చీల్చడం

ఇక అసలు పని. ముందు కణుపుల మీది గుబ్బలను కత్తితో చెక్కి నున్నగా చేయండి. కొలతకు ముక్కలు కోయండి, బద్దలకు రెండు మూరలవి, పేళ్లకు ఆరడుగులవి. ముక్క మొదలేదో కొసేదో గుర్తుపెట్టుకోండి. చీల్చడం కొస వైపు నుంచి మొదలవ్వాలి. ముక్కను నిలబెట్టి, కత్తిని కొస నడిమధ్యలో పెట్టి, ఒక కట్టెతో పైనుంచి కొట్టండి. కత్తి బెత్తెడు దిగాక కొట్టడం ఆపేయండి. ఇక్కడి నుంచి కత్తి పని తక్కువ, చేతుల పని ఎక్కువ. చీలికను రెండు చేతులతో విడదీస్తూ పోవాలి. ప్రతి కణుపు దగ్గరా టప్‌మని శబ్దం వస్తుంది.

సగం చేసి, సగాన్ని మళ్లీ సగం, దాన్ని మళ్లీ సగం. ఎప్పుడూ సమానమైన సగాలే. లావు బద్ద నుంచి పక్కన సన్నగా ఒక పేడు తీద్దామని చూస్తే చీలిక మధ్యలోనే సన్న వైపుకు జారిపోయి తెగిపోతుంది. కొత్తవాళ్ల బొంగు సగం ఇలాగే పొయ్యిలోకి పోతుంది.

చీలిక పక్కకు పోవడం మొదలైతే ఏం చేయాలి? చాలామంది సన్నగా అవుతున్న వైపును జాగ్రత్తగా పట్టుకుని లాగుతారు. అది తప్పు. ఏ వైపు ఎక్కువ వంచుతారో చీలిక ఆ వైపుకే నడుస్తుంది. కాబట్టి లావుగా ఉన్న వైపును వంచండి, సన్న వైపును నిటారుగా ఉంచండి. నాలుగు వేళ్ల దూరంలో చీలిక మళ్లీ నడిమికి వస్తుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే మీ బొంగు సగం మిగిలినట్టే.

దీన్ని నాకు నేర్పింది అమ్మ చెవి. నేను అరుగు మీద కూర్చుని చీలుస్తుంటే ఆమె లోపల పొయ్యి దగ్గర ఉండేది. చీలిక నడిమిన పోతున్నంతసేపూ ఒక తీరు చప్పుడు, నిండుగా. పక్కకు జారగానే ఆ చప్పుడు పీలగా మారుతుంది. నాకు కంటికి కనిపించకముందే లోపల నుంచి కేక వచ్చేది: "పోతున్నది రా, లావు దిక్కు వంచు." మొదట్లో ఆమె ఎక్కడి నుంచి చూస్తుందా అని తల తిప్పి వెతికేవాణ్ని. ఇప్పుడు నేనూ వినే చీలుస్తున్నా. మీరు కూడా చీల్చేటప్పుడు ఫోన్‌లో పాటలు పెట్టుకోకండి.

బద్దలు అర అంగుళం వెడల్పు వచ్చాక ఇంకో రకం చీలిక ఉంది: మందాన్ని చీల్చడం. బద్దకు బయట పచ్చటి తోలు, లోపల తెల్లటి మెత్తటి పొట్ట. కత్తిని మందం మధ్యలో దూర్చి తోలు పేడును, లోపలి పేడును వేరు చేయాలి. దీనికి పళ్లు కూడా వాడతారు మావాళ్లు: ఒక పేడు పళ్లతో పట్టుకుని, రెండోది చేత్తో లాగుతారు. మీరు మాత్రం కాలి బొటనవేలు వాడండి. తోలు పేడుకే బలం. అంచుకు, అల్లికలో పై వరసలకు, కట్లకు అది దాచిపెట్టండి. దాని కింది పేడు అడుగు వరసలకు, లోపలి పనికి. పూర్తిగా లోపలి తెల్లది పొయ్యిలోకే.

చివరగా గీరడం. తొడ మీద ట్యూబు ముక్క పరిచి, దాని మీద పేడు పెట్టి, పైన కత్తి అలుగును కొంచెం వాలుగా ఆనించండి. కత్తి కదలకూడదు. కత్తి కింది నుంచి పేడును లాగాలి. కత్తిని తోస్తే ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన గీరుకుంటుంది. కత్తిని కదలనీయకుండా పేడును లాగితే మందం మొత్తం ఒకటే వస్తుంది. నాలుగైదు సార్లు లాగాక పేడును వేలికి చుట్టి చూడండి. విరగకుండా చుట్టుకుని, వదలగానే మళ్లీ తిన్నగా అయితే సరిపోయింది. చుట్టుకోనంటే ఇంకో రెండుసార్లు లాగండి.

తీసిన పేళ్లన్నీ ఆరోజే అల్లక్కర్లేదు. నీడలో ఆరబెట్టి, కట్టలు కట్టి, పొయ్యి పైన అటక మీద పెడితే పొగకు పురుగు రాదు. అల్లే రోజు గంటా రెండు గంటలు నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడతాయి.

అడుగు వేయడం

గోనె పట్టా మీద కూర్చోండి. ఆరు బద్దలను పక్కపక్కన పరిచి, నడిమిని కాలితో తొక్కి పట్టుకోండి. తోలు వైపు నేలకు ఉండాలి. అదే రేపు గంపకు బయటి వైపు. మిగతా ఆరు బద్దలను ఒక్కొక్కటిగా అడ్డంగా దూర్చండి: ఒకటి పైన, ఒకటి కింద. నవారు మంచం అల్లినట్టే. నడిమిన బెత్తెడు చదరం వస్తుంది, నాలుగు పక్కలా ఆరేసి చొప్పున 24 కాళ్లు బయటికి చాచి ఉంటాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క. పేడు ఒక కాలి పైనుంచి, ఒక కాలి కిందనుంచి పోతూ చుట్టు తిరుగుతుంది. కాళ్లు సరిసంఖ్య ఉంటే రెండో చుట్టులో కూడా అదే కాలి పైనుంచి, అదే కాలి కిందనుంచి పోతుంది, అల్లిక కలవదు. బేసి సంఖ్య ఉంటేనే చుట్టు చుట్టుకూ మారుతుంది. అందుకని ఒక మూల కాలిని కత్తితో నిలువునా రెండుగా చీల్చండి. 25 అయ్యాయి. మా అమ్మకు బడి చదువు లేదు, సరి, బేసి అని చెప్పలేదు. "ఒకటి చీల్చకపోతే గంప తిరగదు" అనేది.

సన్నటి, మెత్తటి పేడు తీసుకుని చదరం చుట్టూ తిప్పడం మొదలుపెట్టండి. మొదటి మూడు చుట్లు కోపం తెప్పిస్తాయి. మూలల దగ్గర కాళ్లు దూరంగా, నడిమిన దగ్గరగా ఉంటాయి. ప్రతి చుట్టుకూ కాళ్లను విసనకర్రలా కొంచెం కొంచెం విప్పుతూ పోండి. అయిదారు చుట్లకు చదరం గుండ్రమవుతుంది. కాళ్ల మధ్య ఎడం అంతటా సమానంగా వచ్చిందో లేదో చూసుకోండి, ఇప్పుడు సరిచేయకపోతే తర్వాత చేయలేరు. పేడు అయిపోతే కొత్త పేడును పాతదాని మీద నాలుగు కాళ్ల మేర జతగా నడిపించి, రెండు కొసలనూ కాలి వెనక దాచేయండి. ముడి వేయొద్దు. అడుగు జానెడు అయ్యేదాకా ఇదే పని.

పైకి లేపడం

అడుగును తిరగేసి బోర్లా పెట్టి, కాళ్లు మడిచే చోట నీళ్లు చిలకరించి పావుగంట ఆగండి. మళ్లీ తిప్పి, అడుగు మీద పాదం పెట్టి తొక్కుతూ, ఒక్కో కాలినీ నెమ్మదిగా పైకి వంచండి. తోలు బయటికి ఉంది కాబట్టి సాగుతుంది, విరగదు. తోలు లోపలికి పెట్టినవాళ్లకు ఇక్కడే పటపటమని విరుగుతుంది. అన్ని కాళ్లూ లేచాక పైకొసలను ఒక తాడుతో వదులుగా కట్టండి. చూడ్డానికి కోళ్ల గంప తలకిందులైనట్టు ఉంటుంది.

లేపాక మొదటి రెండు చుట్లకు రెండు పేళ్లను కలిపి వాడండి. ఒకటి ముందునుంచి పోతే ఇంకోటి వెనకనుంచి, ప్రతి కాలి దగ్గరా మెలి తిరుగుతూ. మడత దగ్గర గట్టి పట్టు కావాలి. ఆ తర్వాత మామూలు అల్లిక. నాలుగు వరసలకోసారి కత్తి వెనక వైపుతో తట్టి వరసలను కిందికి దించండి. మూతి జానెడున్నర కావాలి కాబట్టి పేడును మరీ బిగించి లాగొద్దు. బిగిస్తే గంప కుండలా లోపలికి ముడుచుకుంటుంది, వదిలేస్తే పళ్లెంలా పరుచుకుంటుంది. ఒక బద్దను జానెడున్నర అడ్డం ఉండేలా రింగుగా కట్టుకుని, మధ్యమధ్యలో లోపల పెట్టి చూసుకుంటే సరి.

అంచు

గంప మోసేవాళ్లు పట్టుకునేది అంచునే. పాతబడ్డ గంప మొదట విడిపోయేదీ అక్కడే. ఎత్తు జానెడు రాగానే కాళ్ల కొసలను తడిపి, ఒకటి విడిచి ఒకటి లోపలికి మడిచి, పక్క కాలి వెంట అల్లికలోకి మూడు వరసల లోతు దూర్చండి. మిగిలినవాటిని అల్లిక పైనుంచి అర అంగుళం ఉంచి కోసేయండి. ముదురు బొంగు తోలుతో తీసిన రెండు లావు బద్దలను రింగులుగా వంచండి, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. రింగు రెండు కొసలనూ కలం పాళీలా ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే ఉబ్బు రాదు. లోపలి రింగు అతుకు ఒక పక్క, బయటి రింగు అతుకు దానికి ఎదురు పక్క ఉండాలి.

ఇక చుట్టి కుట్టడం. అన్నిటికంటే మంచి తోలు పేడు, సన్నది, పొడవైనది, బాగా నానింది తీసుకోండి. ఆరెతో అంచు కింద కన్నం చేసి, పేడును దూర్చి, రెండు రింగులనూ కలిపి పైనుంచి చుట్టి, పక్క సందులో మళ్లీ దూర్చండి. ప్రతి కాలికీ ఒక చుట్టు. మొత్తం తిరిగొచ్చాక వెనక్కి అదే సందుల్లో ఎదురు చుట్టండి, గుణకారం గుర్తులా పడుతుంది. ప్రతి చుట్టునూ బొటనవేలితో నొక్కి బిగించాలి. ఇప్పుడు కొందరు ఇనుప తీగతో చుట్టేస్తున్నారు, కొందరు డబ్బాలకు కట్టే ప్లాస్టిక్ పట్టీ వాడుతున్నారు. అయిదు నిమిషాల పని. కానీ వెదురు ఆరి ముడుచుకున్నప్పుడు తోలు పేడు దాంతోపాటే బిగుసుకుంటుంది. తీగ బిగుసుకోదు, వదులై చేతికి గీరుకుంటుంది. నేను తీగ వాడను.

గంపను రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, వరిగడ్డి మంట మీద ఒక్కసారి అటూ ఇటూ తిప్పండి. నూగు పేళ్లు కాలిపోయి నున్నబడుతుంది. చాట అయితే ఇంకో పని ఉంటుంది: నానిన కాగితం, మెంతులు కలిపి రుబ్బి పూస్తే సందులు మూసుకుపోతాయి, గింజ జారదు. ధాన్యానికి వాడే గంపకు పలచగా పేడ అలికితే చాలు.

ధర, అమ్మకం

గంపకు ఎంత అడగాలో తెలియక చాలామంది పక్కవాళ్లు చెప్పిన ధరే చెప్తారు. ఒకసారి కాగితం మీద వేయండి. బొంగు 100 రూపాయలు, తెచ్చిన కిరాయి 20 అనుకుందాం. మీ గంట కూలి 60 వేసుకుని, గంపకు అయిదు గంటలు పడితే 300. మొత్తం 420. అంగడిలో 250కి అడుగుతారు, పక్కనే ప్లాస్టిక్ బుట్ట అంతకంటే చవక. ధర పెంచితే కొనరు, తగ్గిస్తే మీ కూలి పోతుంది. కాబట్టి కలిసొచ్చేదల్లా కత్తి దగ్గరే. రోజుకో బొంగు చీల్చి రోజుకో గంప అల్లితే అయిదు గంటలు. అయిదు బొంగులు ఒకే రోజు కూర్చుని చీల్చి, పేళ్లను రకాలుగా వేరు చేసి పెట్టుకుంటే గంపకు మూడు గంటలకు దిగుతుంది. మిగిలిన పొట్టి ముక్కల్లో ఒక సిబ్బో (పళ్లెంలాంటి వెదురు అల్లిక), విసనకర్రో వస్తుంది. ఆ సిబ్బి డబ్బులే మీ లాభం.

ఏ కాలానికి ఏది పోతుందో కూడా చూసుకోండి. బతుకమ్మను తాంబాళంలోనో సిబ్బిలోనో పేరుస్తారు, పూలు ఏరుకు రావడానికి చిన్న బుట్టలు కావాలి. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మకు పది రోజుల ముందే సరుకు అంగడిలో ఉండాలి, అంటే చలికాలంలో తీసి దాచిన పేళ్లతో శ్రావణంలో అల్లాలి. అప్పుడు కొత్త బొంగు కొట్టొద్దని పైన ఎందుకు చెప్పానో గుర్తుంది కదా. మాఘం నుంచి పెళ్లిళ్లు: చాటలు, గంపలు, పెళ్లికూతుర్ని కూర్చోబెట్టే పెద్ద బుట్ట. ఎండాకాలంలో కొల్లాపూర్ మామిడి. ఒకప్పుడు ఆ తోటలకు గంపలు బండ్ల మీద పోయేవి. నల్గొండ వైపు బత్తాయికీ, నకిరేకల్ నిమ్మకూ అంతే. ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి, ఆ బేరం తిరిగొస్తుందని నేననుకోను. కురుమూర్తి, చెరువుగట్టు లాంటి జాతరలు మాత్రం ఇప్పటికీ ఆదుకుంటాయి.

ప్రభుత్వం నుంచి వచ్చేది ఒకటుంది, వదులుకోకండి. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి, బుట్టలు, చాపలు అల్లేవాళ్లు అందులో ఉన్నారు. సామానుకు 15,000 రూపాయల దాకా, శిక్షణ రోజులకు రోజుకు 500, 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేని అప్పు మొదటి విడత లక్ష దాకా. ఇంటికి ఒక్కరే పేరు పెట్టుకోవాలి. పేరు నమోదు సీఎస్‌సీ (కామన్ సర్వీస్) సెంటర్‌లో. అప్పు మాత్రం నిజంగా బొంగులకే వాడతాననుకుంటేనే తీసుకోండి.

అంగడిలో కూర్చునేటప్పుడు చేయి ఖాళీగా పెట్టుకోకండి. సగం అల్లిన గంప ఒళ్లో ఉంటే జనం ఆగుతారు, మీ చేతుల్నే చూస్తారు, బేరం కొంచెం మెత్తబడుతుంది. తెలిసిన ఆడవాళ్లు గంపను తిరగేసి అడుగును బొటనవేలితో నొక్కుతారు, తర్వాత అంచు పట్టి మెలిపెడతారు. వాళ్లు మెలిపెడుతుంటే ఆపొద్దు, మెలిపెట్టనివ్వండి. సాయంత్రం అంగడి లేచేసరికి అంచు ఒక్కటే మిగిలిన గంప ఒకటి ఎలాగూ ఒళ్లో ఉంటుంది. దాన్ని బస్సు వచ్చేలోపు స్టేజీ దగ్గర కూర్చుని కట్టుకోవచ్చు. కండక్టర్ మాత్రం దానికీ లగేజీ టికెట్ కొట్టబోతాడు, ఒళ్లో పెట్టుకోండి.